చెల్లని నోటు, చెల్లవలసిన మాట

నాణేలను చూసి రాజుల చరిత్ర రాయడం మన చరిత్రకారులకు అలవాటు. కోటిలింగాలలో దొరికిన నాణేలను బట్టి శాతవాహనుల తొలి రోజుల గురించి ఎంతో చర్చ జరిగింది. ఏ రాజు ముందు, ఏ రాజు వెనుక అని పండితులు వాదులాడుకున్నారు. మంచిదే. కాని నాణెం పుట్టిన రోజు రాజుల చరిత్రకు ఆధారమైతే, నాణెం చెల్లకుండా పోయిన రోజు ప్రజల చరిత్రకు ఆధారం. ఆనాడు ఎవరి చేతిలో ఏమున్నది, ఎవరికి ఎంత గడువు దొరికింది, ఎవరు ఎవరి గడప దగ్గర నిలబడవలసి వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే ఆ సమాజపు వర్గ స్వరూపం చాలవరకు బయటపడుతుంది.

ఈ వ్యాసంలో నేను చర్చించదలచినది పెద్దనోట్ల రద్దులోని న్యాయాన్యాయాలను. నేను ఆర్థిక శాస్త్రజ్ఞుణ్ణి కాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ పనికి పూనుకోవడానికి కారణం మా వూరు జక్రాన్‌పల్లి. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరుకూ డిచ్‌పల్లికీ నడుమ, హైదరాబాదు నుంచి నాగపూరు పోయే రహదారి మీద వున్నది మా వూరు. పసుపూ, మొక్కజొన్నా, ఎర్రజొన్నా పండించే రైతులు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫు దేశాలకు వలసపోయిన మొగవాళ్లు - ఇదీ మా ప్రాంతపు జనం.

2016 నవంబరు 8 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి 500, 1000 రూపాయల నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవని ప్రకటించారు. నాలుగైదు రోజుల తరువాత మా వాడకట్టులోని బీడీ కార్మికురాలు ఒకామె చీకటిపడే వేళ మా ఇంటికి వచ్చింది. నాకు పెద్దమ్మ వరుస. కొంగు ముడి విప్పి ఏడు 500 నోట్లు నా చేతిలో పెట్టింది. దాచుకున్న డబ్బు. దాచుకున్నది ప్రభుత్వానికి తెలియకుండా కాదు. తాగుబోతు భర్తకు తెలియకుండా. ఆమెకు బ్యాంకు ఖాతా వుంది, కాని పుస్తకం భర్త దగ్గర వుంది. "నీ పేరు మీద మార్పియ్యి కొడుకా, ఎవ్వలకు తెల్వద్దు" అన్నది.

మరునాడు పొద్దున నుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడి మార్చుకొచ్చాను. ఒక 2000 రూపాయల కొత్త నోటూ, పదిహేను వందనోట్లూ ఇచ్చారు. వందనోట్లు వెంటనే పనికొచ్చాయి. 2000 నోటును మాత్రం వూళ్లో ఏ దుకాణంలోనూ తీసుకోలేదు, చిల్లర లేదన్నారు. "పాతది చిన్నగుండె, చెల్లకపాయె. గీ కొత్తది పెద్దగుంది, ఇదీ చెల్లకపాయె!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు వెనుక వున్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. పెద్దనోటు అంటే ఏది? అది ఎవరికి పెద్దది?

1

తెలుగులో "చెల్లు" అనే మాట గమనించదగినది. నాణెం చెల్లుతుంది, అప్పు చెల్లిస్తాము, మొక్కు చెల్లించుకుంటాము, ఇచ్చిన మాట చెల్లించుకుంటాము. బాకీ తీరితే చెల్లుచీటీ రాయించుకుంటాము. ఆయువు తీరిన మనిషికి భూమ్మీద నూకలు చెల్లాయంటాము. డబ్బు విలువనూ, మాట నిలకడనూ ఒకే క్రియతో చెప్పిన మన పూర్వులు కాగితపు నోటు ఎరగరు. కాని నోటు స్వభావం ఆ మాటలోనే ఇమిడి వున్నది. వెండి రూపాయిలో వెండి వుండేది. రాజ్యం పోయినా వెండికి వున్న విలువ కొంత మిగిలేది. నోటులో కాగితం తప్ప మరేమీ లేదు. వున్నదల్లా ఒక వాగ్దానం. దానిని తెచ్చినవారికి ఇంత సొమ్ము చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం చేస్తాడు. ఆ వాగ్దానం హిందీలోనూ ఇంగ్లీషులోనూ వుంటుంది. తెలుగులో వుండేది అంకె ఒక్కటే. మా పెద్దమ్మ వంటివారు చదవలేని వాగ్దానాన్ని నమ్మి చెమటను కాగితంగా మార్చుకున్నారు.

కనుక నోటు రద్దు అనేది కేవలం ఆర్థిక విధానం కాదు. ఇచ్చిన మాటను వెనక్కు తీసుకోవడం. ఏ పరిస్థితుల్లో రాజ్యం తన మాటను వెనక్కు తీసుకోవచ్చు? తీసుకునేటప్పుడు ఎవరిపట్ల ఏ బాధ్యత వహించాలి? ఈ ప్రశ్న తెలంగాణకు కొత్తది కాదు. మన తాతల కాలంలో మొత్తం ఒక నాణెమే అంతరించింది. ఆ కథ ముందు చెప్పుకోవాలి.

2

నిజాం రాజ్యానికి స్వంత రూపాయి వుండేది. దానిని హాలీ సిక్కా అనేవారు. హాలీ అంటే "ఇప్పుడు నడుస్తున్నది" అని అర్థం. బ్రిటిషువారి రూపాయిని జనం కల్దారు అనేవారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి కొరత ఏర్పడింది. నిజాం ప్రభుత్వం 1918లో చట్టం చేసి కాగితపు నోట్లు విడుదల చేసింది. మొదట 10, 100 రూపాయల నోట్లు, 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో 1000 రూపాయల నోటు వచ్చాయి. వాటికి ఉస్మానియా సిక్కా అని పేరు. నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా వుండేవి. 1942లో పని ప్రారంభించిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు ఈ నోట్ల నిర్వహణ అప్పగించారు.

ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు మారకం. సర్కారు లెక్కలో నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ. ఈ లెక్క చూస్తేనే అర్థమవుతుంది, చదువురాని రైతును మోసగించడానికి షరాబుకు ఎంత సులువో. నాణెం మార్చినందుకు షరాబు తీసుకునే వట్టం వేరు, లెక్కలో మింగేది వేరు. అయితే ఒక మాట మరువరాదు. తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసేవాడికీ, భాగేలాగా దొర దగ్గర బందీ అయినవాడికీ రూపాయి అరుదుగా చేతికి వచ్చేది. కూలి గింజల్లో దొరికేది, అప్పు గింజల్లో పుట్టేది. రూపాయి కావలసి వచ్చేది ముఖ్యంగా శిస్తు కట్టడానికి. నిజాంసాగర్ నీళ్లు 1930ల తొలినాళ్లలో మంజీర ఆయకట్టుకు అందిన తరువాత, బోధనులో చక్కెర ఫ్యాక్టరీ నడక మొదలయ్యాక, మన జిల్లాలో చెరుకు డబ్బూ, కార్ఖానా జీతమూ అనే కొత్త వస్తువులు వచ్చాయి. హాలీ రూపాయి శ్రామికుడి చేతిలో కూడా తిరగసాగింది.

ఆ రూపాయి చుట్టూ రాజకీయం నడిచిన ఘట్టం 1947 చివర వచ్చింది. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరిన కొద్దికాలానికే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు చేసింది. ఒకటి విలువైన లోహాల ఎగుమతిని నియంత్రించేది. రెండవది భారత కరెన్సీ హైదరాబాదు రాజ్యంలో చట్టబద్ధంగా చెల్లదనేది. ఇదే సమయంలో పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ పత్రాలను అప్పుగా ఇవ్వడం కూడా బయటపడింది. అంటే పాలకుడు తన సింహాసనం కాపాడుకోవడానికి డబ్బు చెల్లుబాటును ఆయుధంగా వాడుకున్నాడు. సంతకు పోయే రైతునూ, సరిహద్దు అవతల బంధుత్వాలున్న కుటుంబాన్నీ ఎవరు అడిగారు? నాణెం మీద అధికారం ఎవరిదో వారే చెల్లుబాటు నిర్ణయించారు.

1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. విజేత ప్రభుత్వం హాలీని ఆ రాత్రే రద్దు చేయవచ్చు. కాని అట్లా చేయలేదు. 1950లో భారత రూపాయిని హాలీ పక్కన నిలబెట్టారు. ఆ తరువాతి కొన్నేళ్లలో హాలీ జారీ ఆపారు. అయినా వున్న హాలీ తిరుగుతూనే వుంది. చివరకు 1959లో గాని అది పూర్తిగా రద్దు కాలేదు. తొమ్మిదేళ్లు! మధ్యలో 1956లో రాష్ట్రమే మారింది. 1957లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. మూడు రకాల లెక్కలతో మన తాతలు తికమక పడివుంటారు. కూలి ఇచ్చేటప్పుడు ఏడింటికి ఆరు లెక్క కట్టి, సరుకు అమ్మేటప్పుడు అదే అంకెను కల్దారులో అడిగిన షావుకార్లు వుండరని అనుకోవడం అమాయకత్వం. ఆ తొమ్మిదేళ్లను స్వర్ణయుగమని నేను చెప్పడం లేదు. కాని నాణెం చచ్చిపోతున్నదన్న వార్త దూరపు తండా దాకా చేరడానికి వ్యవధి దొరికింది. గోడలో దాచిన డబ్బు బయటికి తీసి, ఖర్చుపెట్టుకోవడానికో మార్చుకోవడానికో ముసలమ్మకు కాలం చిక్కింది. ఎవరూ ఆమెను "ఇది నీకు ఎక్కడిది?" అని నిలదీయలేదు.

3

ఇక పెద్దనోట్ల సంగతి. భారతదేశంలో మొదటి రద్దు 1946 జనవరి 12న ఆర్డినెన్సు ద్వారా జరిగింది. 500, 1000, 10,000 రూపాయల నోట్లు చెల్లకుండా పోయాయి. యుద్ధకాలంలో, బెంగాలులో లక్షలాది జనం ఆకలితో చచ్చిన రోజుల్లో, దొంగ వ్యాపారం చేసి గడించినవారి డబ్బును పట్టుకోవడం దీని వుద్దేశమన్నారు. చలామణీలో వున్న నోట్లు 143.97 కోట్ల రూపాయలవి. వాటిలో 134.9 కోట్లు తిరిగి వచ్చి మారిపోయాయి. సుమారు 9 కోట్లు మాత్రమే రాలేదు. నోట్లు మార్చుకునేవారు తమకు ఆ సొమ్ము ఎట్లా వచ్చిందో ప్రకటన రాసివ్వాలన్న షరతు వున్నది. అయినా నూటికి తొంభైమూడు పాళ్ల నోట్లు గట్టెక్కాయి. దొంగ వ్యాపారికి గుమాస్తాలున్నారు, బంధువులున్నారు, లెక్కలు రాసేవారున్నారు. ఆ ఆర్డినెన్సు బ్రిటిషిండియా నోట్లకే గనుక హాలీ వెయ్యి నోటు మన దగ్గర మామూలుగానే చెల్లింది.

1954లో 1000, 5000, 10,000 నోట్లు మళ్లీ పుట్టాయి. 1978 జనవరి 16న మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆ మూడింటినీ మళ్లీ రద్దు చేసింది. ప్రజలకు ఇచ్చిన గడువు మూడు రోజులు. తగిన కారణం చూపినవారికి మరి కొన్ని రోజులు. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు ఐ.జి. పటేల్‌కు ఈ చర్య మీద నమ్మకం లేదు. నల్లధనమున్నవాడు దానిని సూటుకేసుల్లో పెట్టుకుని కూర్చోడని ఆయన వాదన. రద్దయిన నోట్ల విలువ సుమారు 146 కోట్లు. వాటిలో అయిదింట నాలుగు పాళ్లకు పైగా వెనక్కు వచ్చాయి.

ఈ రెండు రద్దుల ఫలితం స్వల్పం. కాని నీతి దృష్టితో చూస్తే వాటికి ఒక సమర్థన వున్నది. ఆ నోట్లు ఎవరివి? 1950–51లో జరిగిన వ్యవసాయ కార్మిక విచారణ ప్రకారం దేశంలో వ్యవసాయ కూలి కుటుంబపు సగటు వార్షిక ఆదాయం 447 రూపాయలు. అంటే ఒక్క వెయ్యి నోటు ఆ కుటుంబానికి రెండేళ్లకు మించిన సంపాదన. 1978 నాటికి కూడా కాలేజీ లెక్చరరు మూలవేతనం 700 రూపాయలతో మొదలయ్యేది. వెయ్యి నోటు అతని జీతంలో ఇమడదు. అది జనం చూడని నోటు. అటువంటి నోటును ఒక్క రాత్రిలో రద్దు చేస్తే కూలివాడికి మరునాటి కూలి ఆగదు. రహస్యంగా, హఠాత్తుగా చేయడానికి చెప్పగల ఒకే ఒక న్యాయమైన కారణం ఇది: ముందే చెబితే పెద్దలు తప్పించుకుంటారు, చెప్పకపోతే పేదలకు నష్టం లేదు.

ఈ వాదనలో రెండవ సగం నిజమైనంత వరకే మొదటి సగానికి విలువ. పేదవాడి చేతిలో ఆ నోటు వుంటే హఠాత్తుగా చేసిన రద్దుకు మిగిలే సమర్థన ఏదీ లేదు.

4

500 నోటు 1987లో మళ్లీ వచ్చింది. 1000 నోటు 2000లో వచ్చింది. ధరలు పెరిగాయి. 2016–17లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 194 రూపాయలు. 500 నోటు అంటే ఉపాధి కూలికి మూడు రోజుల కష్టం కూడా కాదు. 1946లో "పెద్దనోటు" అన్న పేరు 1000 రూపాయలకు ఎంత తగినదో, 2016లో 500 రూపాయలకు అంత తగనిది. కాగితం మీద అంకె పెద్దదే కావచ్చు. అది ప్రజల నోటు. చలామణీలో వున్న మొత్తం కరెన్సీ విలువలో 86 శాతం ఈ రెండు నోట్లదే. పాత పేరు పెట్టి, పాత ఆయుధం పట్టుకుని, పూర్తిగా కొత్త వర్గం మీద దెబ్బ కొట్టడం 2016లో జరిగిన పని. చరిత్ర విద్యార్థి గమనించవలసిన ముఖ్యాంశం ఇది.

ఆ నవంబరులో మన జిల్లా పరిస్థితి తలచుకోండి. ఖరీఫు ధాన్యం కళ్లాల మీద, మార్కెట్లలో వున్న కాలం. యాసంగి విత్తనానికీ, ఎరువుకీ రైతు చేతిలో నగదు ఆడవలసిన కాలం. నవంబరు 14 నాటి ఆదేశంతో జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాతనోట్లు తీసుకోరాదన్నారు. రైతుకు దగ్గరగా వున్న తలుపు అదే. దానినే మూశారు. బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. చెరుకు గానుగాడవలసిన నెలలో పొగగొట్టం చల్లగా వుంది. జీతాలు లేని కార్మికుల ఇళ్లలో మిగిలిన కొద్ది నోట్లు కూడా చెల్లని కాగితాలయ్యాయి. బీడీ కార్ఖానాదారు చేతిలో నగదు లేదంటే బీడీలు చుట్టే ఆడవాళ్లకు కూలి ఎక్కడినుంచి వస్తుంది? వరసలో నిలబడిన రోజు బీడీ చుట్టడానికి వీలుండదు. చుట్టని బీడీకి కూలి లేదు. నోట్ల మార్పిడికి రుసుము లేదని ప్రభుత్వం చెప్పింది. వరసలో పోయిన రోజు కూలి రుసుము కాదా?

వట్టం మళ్లీ పుట్టింది. షరాబు పోయి కొత్త దళారి వచ్చాడు. పాతనోట్లకు కొంత కోసుకుని కొత్తవి ఇచ్చేవారు ప్రతి పట్టణంలోనూ తయారయ్యారు. పెద్దల నోట్లు పేదల ఖాతాల గుండా పోయి తెల్లబడ్డాయి. పేదవాడు మాత్రం తన నోటును తానే మోసుకుపోయి, గుర్తింపు కార్డు చూపి, కాగితం నింపి మార్చుకోవలసి వచ్చింది. మార్చుకునే పరిమితి మొదట 4000, తరువాత 4500, తరువాత 2000 అయింది. నవంబరు 24 తరువాత కౌంటరు దగ్గర మార్పిడే ఆగిపోయింది. ఖాతాలో జమ చేయడానికి డిసెంబరు 30 దాకా, అంటే 52 రోజులు, గడువిచ్చారు. హాలీకి తొమ్మిదేళ్లు, 500 నోటుకు 52 రోజులు. ఒకప్పుడు హాలీ నోట్లను నిర్వహించిన బ్యాంకే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు పేరుతో అప్పుడు మన వూళ్లలో వున్నది. దాని శాఖల ముందే జనం బారులు తీరారు. 2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు కూడా పెద్ద బ్యాంకులో కలిసిపోయింది.

గల్ఫులో వున్నవారి సంగతి మరీ చిత్రమైనది. మస్కటుకో దుబాయికో పోయిన మనవారు తిరుగు ప్రయాణంలో ఆటోకీ, బస్సుకీ పనికొస్తాయని పర్సులో నాలుగు నోట్లు దాచుకునేవారు. అటువంటివారికి 2017 జూన్ 30 దాకా గడువిచ్చారు. అయితే విమానాశ్రయంలో కస్టమ్సు అధికారికి నోట్లు చూపి పత్రం రాయించుకోవాలి. ఆ తరువాత ముంబాయి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగపూరులలోని రిజర్వు బ్యాంకు కార్యాలయాలకు పోవాలి. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు కార్యాలయం వున్నది. ఆ జాబితాలో లేదు. రెండు వేల రూపాయలు మార్చుకోవడానికి జక్రాన్‌పల్లి మనిషి నాగపూరు పోయి రావాలి. చట్టం కాగితం మీద హక్కు ఇచ్చింది. భూగోళం దానిని తీసేసుకుంది.

ఫలితమేమిటి? రద్దయిన నోట్లు 15.41 లక్షల కోట్ల రూపాయలవి. 15.31 లక్షల కోట్లు, అంటే 99.3 శాతం, తిరిగివచ్చాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించింది. దీనిని ముందే వూహించలేదని ఎవరూ అనలేరు. 2012లో ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు అధ్యక్షుని నాయకత్వాన ఏర్పడిన కమిటీ నోట్ల రద్దు నల్లధనానికి పరిష్కారం కాదనీ, ఆ ధనం ఎక్కువగా బినామీ ఆస్తులలో, బంగారంలో వున్నదనీ చెప్పింది. 2016 నవంబరు 8 సాయంత్రం, ప్రధాని ప్రసంగానికి రెండు మూడు గంటల ముందు, రిజర్వు బ్యాంకు కేంద్ర మండలి సమావేశంలో కూడా నల్లధనంలో ఎక్కువ భాగం నగదు రూపంలో లేదని నమోదయింది. అయినా మండలి ఆమోదించింది. తెలిసి చేసిన పనికి తెలియక చేసిన పనికన్న బాధ్యత ఎక్కువ. నగదు వాడకం తగ్గుతుందన్న వాదన కూడా నిలవలేదు. 2016 మార్చిలో 16.4 లక్షల కోట్లుగా వున్న నోట్ల చలామణీ 2022 మార్చికి 31 లక్షల కోట్లయింది.

2017లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. పాతనోట్ల మీద రిజర్వు బ్యాంకుకు ఇక ఏ బాధ్యతా లేదని దాని సారాంశం. పదికి మించి ఆ నోట్లు దగ్గర వుంచుకుంటే జరిమానా. వాగ్దానం చేసినవాడు మాట తప్పాడు. వాగ్దాన పత్రం దాచుకున్నవాడు నేరస్తుడయ్యాడు. తెలుగులో చెల్లుచీటీ అప్పు తీరిన తరువాత రాస్తారు. ఇక్కడ అప్పు తీరకుండానే అప్పుపడ్డవాడే తనకు తాను చెల్లుచీటీ రాసుకున్నాడు.

2023 జనవరి 2న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురి అభిప్రాయంతో రద్దును సమర్థించింది; 52 రోజుల గడువు అసమంజసం కాదన్నది. న్యాయమూర్తి బి.వి. నాగరత్న విభేదించారు. ఇటువంటి చర్య కేంద్రం తలపెట్టినప్పుడు అది గెజెట్ ప్రకటనతో కాదు, పార్లమెంటు చట్టంతో జరగాలన్నారు. చట్టబద్ధత తేలిందనుకున్నా న్యాయం తేలినట్లు కాదు. ఒకప్పుడు వెట్టి కూడా ఆచారబద్ధమే.

5

ఇది మన దేశపు విడ్డూరం మాత్రమే కాదు. 1964 మే నెలలో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం 50, 100 చాట్ల నోట్లను రద్దు చేసింది. విదేశీ పెట్టుబడిదారులను దెబ్బతీయడం పేరుతో చేసిన ఆ పని తరతరాలుగా అక్కడ కష్టపడిన తెలుగు కూలీల, చిన్న వర్తకుల చేతి సొమ్మును కూడా తుడిచివేసింది. ఆ సంవత్సరాల్లోనే ఓడలెక్కి తిరిగివచ్చినవారిలో ఎందరో విశాఖలో కాందిశీకులై స్థిరపడ్డారు. బర్మా క్యాంపు అనే పేరు అక్కడ ఇప్పటికీ వున్నది. 1987లో బర్మా ప్రభుత్వం 25, 35, 75 చాట్ల నోట్లను నష్టపరిహారం లేకుండానే రద్దు చేసింది. మరుసటి సంవత్సరం దేశమంతా తిరగబడింది. సోషలిజం పేరు పెట్టుకున్నంత మాత్రాన రద్దు ప్రజాహితం కాదని అభ్యుదయవాదులు ఆ చరిత్రనుంచి నేర్చుకోవాలి.

పెద్దనోటును తొలగించడం దానంతట అది తప్పు కాదు. పన్ను ఎగవేతకూ, లంచానికీ, దొంగ సరుకుకూ పెద్దనోటు సౌకర్యమన్న మాటలో నిజం వున్నది. ఆ నోటును వెనకేసుకొచ్చే పని మనకు లేదు. అయితే తొలగించడానికి వేరే దారి వున్నది. 1969లో అమెరికా 500 డాలర్లకూ అంతకు పైబడినవాటికీ పంపిణీ ఆపివేసింది. ఇప్పటికీ ఆ నోటు తెచ్చినవాడికి విలువ ఇస్తుంది. యూరోపు కేంద్ర బ్యాంకు 500 యూరోల నోటును ఆపుతామని 2016 మేలో, మన రద్దుకు ఆరునెలల ముందు, ప్రకటించింది. 2019లో జారీ ఆగింది. నోటు విలువ మాత్రం ఎన్నటికీ పోదని చెప్పింది. పెట్టుబడిదారీ దేశాలు ధర్మాత్ములు కావు. తమ సంపన్నుల చేతిలో వున్న నోటు గనుక మర్యాద చూపాయి.

మన దేశంలోనూ ఆ మర్యాద తెలియకపోలేదు. 2016లో పుట్టిన 2000 నోటును 2023 మే 19న ఉపసంహరిస్తున్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించింది. అప్పుడు చలామణీలో వున్నవి 3.56 లక్షల కోట్ల రూపాయల నోట్లు. బ్యాంకుల్లో మార్చుకోవడానికి నాలుగు నెలలకు పైగా గడువిచ్చారు, దానిని పొడిగించారు, ఆ తరువాత కూడా రిజర్వు బ్యాంకు కార్యాలయాల్లో, ఈసారి హైదరాబాదుతో సహా, తీసుకున్నారు, పోస్టులో పంపినా సరేనన్నారు. నోటు చెల్లుబాటును రద్దు చేయలేదు. నూటికి తొంభైయెనిమిదికి పైగా నోట్లు అలజడి లేకుండా వెనక్కు వచ్చాయి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బీడీ కార్మికురాలి కొంగులో వున్న 500 నోటుకు నాలుగు గంటల ముందు హెచ్చరిక, 52 రోజుల గడువు, ఆ పైన జరిమానా. ఆమె కొంగులో ఎన్నడూ నిలవని 2000 నోటుకు నెలల గడువు, పోస్టు సౌకర్యం, నిలిచిన చెల్లుబాటు. ఎవరి నోటుకు ఎంత గడువు అన్నదాన్ని బట్టి రాజ్యం ఎవరిని గౌరవిస్తుందో తెలుస్తుంది. 1946లోనూ 1978లోనూ పెద్దల నోటుకు తక్కువ గడువిచ్చిన రాజ్యం, 2016లో పేదల నోటుకు ఆ నియమాన్నే వర్తింపజేసి, 2023లో దానిని సడలించింది. ఈ వరస యాదృచ్ఛికమని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

6

ఇక తేల్చవలసిన మాట. నోటును ఉపసంహరించే ప్రభుత్వం మొదట ఆ నోటు ఎవరి చేతిలో వున్నదో తెలుసుకోవాలి. అంకెను కాదు, రోజుకూలితో దాని నిష్పత్తిని చూడాలి. శ్రామికుడి చేతిలో వున్న నోటును తీసివేయవలసివస్తే ముద్రణ ఆపి, కాలానికి వదలాలి. హాలీ అట్లాగే పోయింది. మార్చుకునే చోటు నోటు వున్నవాడి వూరికి దగ్గరగా వుండాలి. గడువు దాటినా వాగ్దానం దాటిపోకూడదు. నల్లధనాన్ని పట్టదలచినవారు కాగితాన్ని కాదు, బినామీ భూమినీ, బంగారాన్నీ, తప్పుడు లెక్కలనూ పట్టాలి. అవి ఎక్కడున్నాయో అధికారులకు తెలియనివి కావు.

రహస్యమంతా నేరం కాదన్నది ఇంకొక మాట. సేటు దాచింది పన్ను ఎగవేయడానికి. మా పెద్దమ్మ దాచింది పిల్లల ఫీజు తాగుడుపాలు కాకుండా వుండడానికి. రెండింటినీ ఒకే రాత్రి, ఒకే మాటతో "నల్లధనం" అన్నప్పుడు భాష కూడా అన్యాయంలో భాగస్వామి అయింది. తెలుగు ఉపాధ్యాయులుగా మనం దీనిని గుర్తించాలి. మాటకు అర్థం కాపాడడం మన వృత్తి.

ఆమె దగ్గర మిగిలిన 2000 నోటు ఏమయిందో చెప్పి ముగిస్తాను. వారం రోజులు తిరిగిన తరువాత కిరాణా దుకాణదారు ఆ నోటు పుచ్చుకున్నాడు. చిల్లర ఇవ్వలేదు, ఖాతాలో రాసుకున్నాడు. రెండు నెలలపాటు నూనె, పప్పు, సబ్బు తెచ్చుకుని ఆ బాకీ చెల్లు చేసుకున్నది. డబ్బు పోలేదు గదా అని ఎవరైనా అనవచ్చు. పోయింది. ఎప్పుడు, ఎక్కడ, దేనికి ఖర్చుపెట్టాలో తానే నిర్ణయించుకునే హక్కు పోయింది. భర్తకు తెలియకుండా దాచిన సొమ్ము అందరూ చూసే దుకాణపు పద్దు అయింది. కూలిగా గింజలు పుచ్చుకున్న ఆమె నాయనమ్మ కాలానికీ, సరుకులుగా తన సొమ్ము తిరిగి పుచ్చుకున్న ఆమె కాలానికీ మధ్య ఎంత దూరమున్నదో విద్యార్థులు ఆలోచించాలి. ప్రభుత్వపు లెక్కల్లో ఆమె ఏడు నోట్లు తిరిగివచ్చిన 99.3 శాతంలో చేరాయి. ఆమెకు ఇచ్చిన మాట మాత్రం ఏ లెక్కలోనూ చేరలేదు.